దాపటి సీటు

ఆ బుధవారం పొద్దున ఇంట్లో ఆరుగురం ఉన్నాం. చిన్నాయన ఓబులేసు, చిన్నమ్మ రత్నమ్మ, కుడిచేతికి కట్టుతో మా నాయనమ్మ జేజి, లేపాక్షక్క, బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు షంషాద్ మేడం, నేను. జేజి మాత్రం షెడ్డులో ఉన్న బండిని కూడా లెక్కలోకి తీసుకోమంది. ఇంటి పిల్లలోది ఏదో అందులోకి పోయినప్పుడు దాన్ని ఉత్త బండి అని ఎట్లా అనుకుంటామని అడిగింది.

షంషాద్ మేడం నన్ను తన ఎదురుగా మంచం మీద కూర్చోబెట్టుకుని, మా బడి గురించి ఏదో అడుగుతూ, ఉన్నట్టుండి నా కళ్ల ముందు గట్టిగా చప్పట్లు కొట్టింది. వంటింటి గుమ్మంలో ఉన్న చిన్నమ్మ ఉలిక్కిపడింది. నేను రెప్ప వేయలేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాను. మేడం రెండోసారి చప్పట్లు కొట్టలేదు. నా చేతిని మెల్లగా నా ఒళ్లో పెట్టి చిన్నాయన వైపు చూసింది.

మా ఊళ్లో బడి ఏడో తరగతి వరకే ఉంది. ఎనిమిది నుంచి నేను చిన్నాయన ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. ఆయనకు కదిరి రోడ్డు మీద షెడ్డు ఉంది. కొత్త కార్లు కొన్నవాళ్లు బెంగళూరు నుంచి కూడా ఆయన్ను వెతుక్కుంటూ వస్తారు. దర్జీ మనిషిని కొలిచి గుడ్డ కుట్టినట్టు, ఆయన తోలేవాళ్లను కొలిచి బండిని మారుస్తాడు. సీటు ఎత్తు, స్టీరింగ్ మందం, స్ప్రింగుల బిగువు, పొగ గొట్టం, అన్నీ. పొట్టివాళ్లకు పెడల్ దగ్గరికి జరుపుతాడు. అరచేతికి చెమట పట్టేవాళ్లకు స్టీరింగ్‌కు మేకతోలు తొడుగుతాడు.

లేపాక్షక్క ఆయన కూతురు. ఘాటురోడ్ల మీద జరిగే పోటీల్లో కార్లు తోలుతుంది. ఆరేళ్లుగా ఇతరుల బండ్లే తోలింది. పోయిన నెల ఒక కంపెనీ తన కొత్త బండిని ఆమెకు అప్పగించింది. మొదటి పదిహేను వందల కిలోమీటర్లు ఆమె తోలాలి. ఆ లోపల బండి ఆమె చేతికి లొంగితే, నెలాఖరున పెనుకొండ ఘాటులో జరిగే పరీక్షలో ఆమే డ్రైవరు. ఆ తరువాత కంపెనీ జట్టులో చోటు. లొంగకపోతే బండి మరొకరి దగ్గరికి పోతుంది.

వంకాయ రంగు బండి అది. రెండే సీట్లు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, మా చిన్నమ్మ దాన్ని చూసి ఇందులో కూర్చోవాలంటే ముందు పడుకోవాలా అని అడిగింది.

ఏ కొత్త ఇంజనుకైనా మొదట్లో ఓపిక కావాలని చిన్నాయన చెబుతాడు. లోపలి ఇనుము ఒకదానితో ఒకటి రాసుకుని నునుపు తేలేదాకా అదిమి తోలకూడదు, ఒకే వేగంలో పట్టుకోకూడదు. అయితే ఈ బండిలో నునుపు తేలాల్సింది ఇనుము ఒక్కటే కాదు. తోలేవాళ్లు మణికట్టుకు ఒక పట్టీ కట్టుకోవాలి. చెయ్యి కదలకముందే చేతిలో పుట్టే కదలికను ఆ పట్టీ పసిగట్టి బండికి చెబుతుంది. బండిని తెచ్చిన రోజు కంపెనీ తరఫున వచ్చిన షంషాద్ మేడం మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఏదో అడ్డం వచ్చిందని మన ఒళ్లు గుర్తించడానికీ, మన కాలు బ్రేకు తొక్కడానికీ నడుమ చిటికె కన్నా చిన్న ఖాళీ ఉంటుందట. ఈ బండి ఆ ఖాళీలోకి దూరుతుందట. బ్రేకు తనే వేసేసి, పట్టీ ద్వారా మణికట్టు మీద ఒక చిన్న తాకిడి ఇస్తుంది. పని అయిపోయింది, నువ్వు నిమ్మళించు అని ఒంటికి చెప్పడం అది. పదిహేను వందలు దాటగానే నేర్చుకున్నదంతా ముద్రపడిపోతుంది. ఆ తరువాత చెరపడం ఎవరి వల్లా కాదు.

నాలుగువందల ముప్పయ్యో కిలోమీటరు దగ్గర అక్క బండిని ఘాటులో పిట్టగోడకు రాసి తెచ్చింది. తలుపు మీద మూరెడు పొడవున రంగు లేచిపోయింది. అక్కకు దెబ్బ తగల్లేదు. ఆమె దిగి, గీతను వేలితో తడిమి, మలుపులో బండి తనంతట తను నెమ్మదిస్తుందని చూశానని, అది తనకన్నా ఉరుకు మీద ఉందని చెప్పింది.

చిన్నాయన ఫోనులో మేడంను అడిగాడు. ఒంట్లో లేనిదాన్ని బండి నేర్చుకోలేదని ఆమె చెప్పిందట. లేపాక్షి ఒంట్లో జంకు పుట్టడం లేదు, పుట్టనిదాన్ని పట్టీ ఎక్కడి నుంచి తెస్తుంది? ఇంకా నెమ్మదిగా తోలి చూడమంది.

ఆ సాయంత్రం చిన్నాయన అన్నం ముందు కూర్చుని తినకుండా ఉంటే జేజి మాట కలిపింది. మా తాత చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కోడెలకు కాడి అలవాటు చేసేవాడు. పొగరు కోడెను ఒంటరిగా కట్టేవాడు కాదు. వలపట, అంటే కుడివైపు కోడెను కట్టి, దాపట, అంటే ఎడమవైపు నెమ్మదైన పాత ఎద్దును కట్టేవాడు. ఎద్దు ఆగితే కోడె ఆగక తప్పదు. నెల తిరిగేసరికి కోడెకు ఆగడం వచ్చేది.

చిన్నాయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. తరువాత తలెత్తి నావైపు చూశాడు.

నేను ఎట్లాంటిదాన్నో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బడిలో హాజరు పిలిస్తే నా గొంతు బయటికి రాదు. కుక్కను చూస్తే రోడ్డు మారతాను. అంగడికి పంపితే ముందున్న వాళ్లంతా అయిపోయేదాకా పక్కన నిలబడతాను. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికి వచ్చి డైరీలో రాసుకుంటాను. అక్క నవ్వుతూ నా తల మీద మొట్టి, "నీ పిరికితనానికి ఇన్నాళ్లకు ఒక ఉద్యోగం దొరికెనే వన్నూరమ్మా" అంది.

కంపెనీ ఇచ్చిన రెండు పట్టీల్లో రెండోది, మొదటిది చెడిపోతే వాడుకోవడానికి. చిన్నాయన దాన్ని విప్పి, మొదటిదానితో కలిపి, నా మణికట్టుకు కట్టాడు. మేడంకు చెప్పలేదు. దాపటి సీటును నా కొలతకు తగ్గించి, నా మెడకు ఒరుసుకోకుండా బెల్టును కిందికి దించి కట్టాడు. మర్నాటి నుంచి రోజూ తెల్లవారగానే అక్క పక్కన కూర్చునేదాన్ని. ఘాటు ఎక్కి దిగి, బడి వేళకు తిరిగి వచ్చేవాళ్లం.

మొదటి రోజు మొదటి మలుపులో నా కడుపు పిడికిలిలా బిగుసుకుంది. ఎదురుగా లోయ తప్ప రోడ్డు కనబడలేదు. అదే క్షణంలో బండి ముక్కు దించి నెమ్మదించింది. అక్క కాలు ఇంకా బ్రేకు మీదికి పోనేలేదు. నా మణికట్టు మీద ఎవరో వేలితో తట్టినట్టు అయింది, కడుపులో బిగువు వదిలింది. అక్క నావైపు తిరిగి కనుబొమలెత్తింది. తరువాతి మలుపులో మళ్లీ అంతే. దిగేటప్పుడు మేకల మంద అడ్డం వస్తే అక్క కన్నా ముందు నేను చూశాను, నాకన్నా ముందు బండి ఆగింది.

ఆ రోజు షెడ్డు ముందు దిగాక అక్క నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. ఎవరికైనా నావల్ల అంత సంతోషం కలగడం నాకు అదే మొదలు.

పది రోజులు గడిచాయి. బండి అక్క ఉరుకూ నా జంకూ కలిపి ఒక కొత్త నడక నేర్చుకుంది. వేగంగా పోయి, మలుపు ముందు వేలెడంత వెనక్కి తగ్గి, మళ్లీ దూకేది. చిన్నాయన రోజూ స్ప్రింగులు కొంచెం కొంచెం బిగించాడు, టైర్లు మార్చాడు. మేడం బెంగళూరులో కూర్చుని బండి పంపే లెక్కలు చూసి, ఇంత బాగా నేర్చుకున్న బండి తమ ప్రయోగశాలలో ఇదివరకు లేదని ఫోను చేసింది. చిన్నాయన మీసం కింద నవ్వుకున్నాడు. అప్పుడైనా రెండో పట్టీ మాట చెప్పి ఉండవచ్చు. ఆయన చెప్పలేదు, మేము కూడా చెప్పలేదు.

బడిలోనూ ఏదో మారింది. తెలుగు సారు పాఠం ఎవరు చదువుతారని అడిగితే నేను లేచి నిలబడ్డాను. చదివేశాను. కూర్చున్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. పక్కనున్న పిల్ల నా మోచెయ్యి గిల్లి, నువ్వేనా అంది. ఆ వారంలోనే హెడ్మిస్ట్రెస్ గదికి ఒక్కదాన్నే వెళ్లి, ఆడపిల్లల మరుగుదొడ్లో రెండేళ్లుగా నీళ్లు రావడం లేదని చెప్పాను. ఆమె అద్దాలు తీసి నన్ను చూసి, నీ పేరేమిటని అడిగింది. శుక్రవారానికి నీళ్లు వచ్చాయి. పిల్లలందరూ నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. డైరీలో రాయడానికి ఏమీ మిగలడం లేదని అప్పుడే గమనించాను. అనుకున్నవన్నీ పగలే అనేస్తున్నాను.

ఇదంతా బండి ఇచ్చిన ధైర్యమే అనుకున్నాను. అక్క పక్కన కూర్చుని కూర్చుని ఆమె గుణం అంటిందనుకున్నాను.

ఒకరోజు రొట్టె తిప్పుతుంటే మాడిన వాసన వచ్చింది. రొట్టె మాడలేదు. నా వేలు పెనానికి ఆనుకుని ఉంది. నొప్పి తెలుస్తూనే ఉంది, కాని చెయ్యి తీయాలన్న తొందర పుట్టలేదు. నొప్పిని ఎదురింటి గొడవలాగా వింటూ ఉన్నాను. చిన్నమ్మ నా చెయ్యి గుంజి నీళ్లలో ముంచి, ధ్యాస ఎక్కడుందని తిట్టింది. ఆ బొబ్బ గురించి నేను ఎవరికీ ఇంకేమీ చెప్పలేదు. చెబితే దాపటి సీటు పోతుందని తెలుసు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం జేజి, నేను జొన్నలు ఆడించుకు రావడానికి పిండిమిషనుకు బయలుదేరాం. పెద్ద రోడ్డు దాటాలి. జేజికి చూపు ఆనదు కాబట్టి నా చెయ్యి పట్టుకుంది. సగం దాటాం. ఎడమ నుంచి గ్రానైటు లారీ వస్తోంది. చూశాను. హారను విన్నాను. అది ఎంత దూరంలో ఉందో, ఎంతసేపట్లో వస్తుందో కూడా లెక్క తెలుస్తోంది. కాని కాళ్లు ఎప్పటిలాగానే నడుస్తున్నాయి. ఎవరో బ్రేకు వేస్తారన్నట్టు నా ఒళ్లు నిమ్మళంగా ఉంది. జేజి నన్ను రెండు చేతులతో తోసింది. నేను అవతల మట్టిలో పడ్డాను. ఆమె రోడ్డు అంచున చేతి మీద పడింది. లారీ మా ఇద్దరి మీదా దుమ్ము లేపుకుంటూ పోయింది.

లేచి జొన్నల సంచి వెతికాను. ముందు జేజిని చూడాలని తోచలేదు. ఆ మాట రాయడానికి ఇప్పుడు కూడా నా చెయ్యి ఆడడం లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక జేజి అందరినీ కూర్చోబెట్టి, తాను ఇన్నాళ్లూ చెప్పని సంగతి చెప్పింది. దాపటి ఎద్దు అయిదారు కోడెలకు కాడి అలవాటు చేశాక ఏమయ్యేదో చిన్నాయనకు గుర్తుండదు, అప్పటికి ఆయన పసివాడు. కోడె గుంజిన గుంజుడంతా తన మూపు మీద ఆపి ఆపి, ఎద్దు మూపు కాయ కాసేది. ములుకోలతో పొడిచినా అదిలేది కాదు. ఒకటి అట్లాగే పాము పుట్ట మీద కాలు పెట్టి నిలబడి చచ్చింది.

"ఈ పాపనూ అట్లనే చేస్తిమి కదరా ఓబులేసూ" అంది జేజి. "నేనే చెప్తి, నువ్వు కడితివి."

అప్పుడు చిన్నాయన మేడంకు ఫోను చేశాడు.

బుధవారం వచ్చిన మేడం కోపగించుకోలేదు. అదే చిన్నాయనకు ఎక్కువ కష్టంగా ఉంది. ఆమె లాప్‌టాప్ తెరిచి చూసి, తప్పు తనది కూడా అని చెప్పింది. తోలేవాళ్లకు స్టీరింగ్ ఉంటుంది, పెడల్ ఉంటుంది. ఒంట్లో పుట్టిన జంకు చేతికో కాలికో పోయి పని చేసి తీరుతుంది. పక్కన కూర్చున్న పిల్లకు అవేమీ లేవు. పుట్టిన ప్రతి జంకునూ పట్టీ నిమ్మళించమని తట్టి పడుకోబెట్టింది. వేలసార్లు తట్టేసరికి ఒళ్లు ఇక లేవడం మానేసింది. పక్కన కూర్చున్నవాళ్లకు పట్టీ కడతారని ప్రయోగశాలలో ఎవరికీ తట్టలేదట.

బండి పదమూడువందల ఎనభై దగ్గర ఉంది. ముద్ర పడేలోపల ఒక దారి ఉందని ఆమె చెప్పింది. పట్టీని తిరగేసి నడపాలి. అదే ఘాటులో, అవే మలుపుల్లో, బండి నేర్చుకున్నది ఒక్కొక్కటే మరిచిపోతూ ఆ తాకిడిని నాకు తిరిగి ఇస్తుంది. అయితే ఆ తరువాత బండి ఏమీ రానిదవుతుంది. అక్క నేర్పింది కూడా పోతుంది, రెండూ విడదీయలేనంతగా కలిసిపోయాయి. పరీక్షకు అయిదు రోజులే ఉన్నాయి. కంపెనీ వెంటనే బండిని వెనక్కి పంపమంటుంది.

చిన్నాయన గోడకున్న కేలండరు వైపు చూస్తూ నసిగాడు. పాప బాగానే ఉంది కదా, బడిలో మాట్లాడుతోంది, అందరూ మెచ్చుకుంటున్నారు, రోడ్డు దాటేటప్పుడు పక్కన ఎవరో ఒకరం ఉంటే చాలదా అన్నాడు. చిన్నమ్మ ఆయన వైపు చూసిన చూపుకు మాట మధ్యలోనే ఆపేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. కూతురు ఆరేళ్లుగా ఎదురు చూసినదాన్ని ఆయన కూడా ఆరేళ్లుగా చూశాడు.

ఆయన మాటే నా మాట కూడా. నేను లేచి నిలబడి, అందరి ముందు, ఒక్క మాట కూడా తడబడకుండా చెప్పాను.

"నాకు వద్దక్కా. నీకోసం చెప్పడంల్యా, నాకోసమే. ఆ నోరులేనిదాన్ని మళ్లీ నాకు తగిలించొద్దు. నీకేం తెలుసు, నువ్వు ఏ పొద్దూ భయపడిందానివి గాదు. గెలిచేది చేతగాక నన్ను సాకు పెట్టుకుంటాండావేమో."

ఆఖరి మాట అనకూడదని తెలుసు. తెలిసినా అది ఆగలేదు. ఆపేదేదో నాలో లేదు. అక్క ముఖం ఒక్క క్షణం బండి తలుపు మీద గీతలా తెల్లబడింది. ఆమె వంగి జేజి కట్టు మీద చెయ్యి వేసి అడిగింది.

"జేజీ, నీకు శానా నొస్తాందా?"

"నా చెయ్యి అతుక్కుంటాది లేమ్మా" అంది జేజి.

అక్క మేకుకున్న తాళం చెవి తీసుకుని బయటికి నడిచింది. షెడ్డు గేటు దగ్గర ఆగి, నావైపు తిరగకుండానే, "రా మే" అంది.

ఎందుకు వెళ్లానో చెప్పలేను. ఆమె పిలిస్తే ఆ సీట్లో కూర్చోవడం అలవాటైపోయింది. మేడం పట్టీని తిరగేసి నా మణికట్టుకు కట్టింది.

మొదటి మలుపులో ఏమీ కాలేదు. బండి కొంచెం మొరటుగా తిరిగింది, అంతే. రెండో మలుపులో మణికట్టు మీద తట్టడానికి బదులు సూదితో పొడిచినట్టయింది. నాలుగో మలుపు తిరుగుతుంటే ఎదురుగా లోయ కనబడింది. ఆ లోయ రోజూ అక్కడే ఉంది. పదిరోజులుగా నేను దాన్ని చూడలేదు. కడుపు బిగుసుకుంది, ఈసారి వదలలేదు. తరువాత అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. మేకల మంద, తడి రోడ్డు, ఎదురు బస్సు. అప్పుడు పడాల్సిన భయాలన్నీ ఇప్పుడు వరసగా నన్ను వెతుక్కుంటూ వచ్చాయి. ఘాటు పైకి చేరేసరికి బొబ్బ కట్టిన వేలు మండసాగింది. అన్నిటికన్నా ఆఖరున గ్రానైటు లారీ వచ్చింది. అది ఈ రోడ్డు మీద లేదు, బండికి దాని సంగతి తెలియదు. నా అంతట నాకే వచ్చింది. నేను జేజీ అని అరిచాను. అక్క బండిని పక్కకు తీసి ఆపింది. నా వణుకు తగ్గేదాకా ఇంజను కట్టేసి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. నన్ను ఓదార్చలేదు.

దిగువకు వచ్చేటప్పుడు బండి ఏ మలుపులోనూ తనంతట తను ఆగలేదు. ప్రతిదానికీ అక్కే బ్రేకు తొక్కింది. ఆమె ఇంత జాగ్రత్తగా తోలడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇంటి ముందు మేడం సంచి సర్దుకుని ఎదురు చూస్తోంది. బండిని అక్కే బెంగళూరుకు తోలుకుపోయి అప్పగించాలి. మేడం నేను దిగిన సీట్లో కూర్చుంది. చిన్నాయన గేటు దగ్గరే ఉండిపోయాడు. టైర్ల గాలి చూసే నెపంతో కూడా బండి దగ్గరికి రాలేదు.

నేను అక్క వైపుకు వెళ్లి తెరిచి ఉన్న తలుపు పక్కన నిలబడ్డాను, చెయ్యి తలుపు చట్రం మీద పెట్టి. చెప్పాల్సింది చాలా ఉంది. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఏమీ రాని బండిని తోలుతున్నా ఆమెకన్నా బాగా తోలేవాళ్లు లేరని చెప్పాలి. నన్ను క్షమించమనాలి. మాటలు గొంతు దాకా వచ్చాయి. మేడం చూస్తోంది, చిన్నమ్మ వాకిట్లో నుంచి చూస్తోంది, రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. నా ముఖం వేడెక్కింది. తల దిగిపోయింది. ఒక్క మాటా బయటికి రాలేదు.

అక్క నా ముఖం వైపు కాసేపు చూసింది. తరువాత చట్రం మీద ఉన్న నా వేళ్ల వైపు చూసింది. చెయ్యి తీయమని చెప్పలేదు. తలుపు లాగి గట్టిగా వేసేసింది. చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది.